బాణాన్ని మోసే చోటు: పోటీ విలువిద్యలో రెస్ట్ ఎంపిక

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఎండలో నిలిపిన కారు డిక్కీలో విల్లు పెట్టె రెండు గంటలు ఉండిపోయిందంటే, రైజర్‌కు, అంటే వింటి నడిమి పట్టు భాగానికి, డబుల్ టేపుతో అతికించిన రెస్ట్, అంటే బాణం ఆనే చిన్న ముక్క, తన చోటు నుంచి వెంట్రుకవాసి కిందికి జారిపోయే అవకాశం ఉంది. పైకి చూస్తే ఏ మార్పూ కనిపించదు. బాణం ఎప్పటిలాగే దాని మీద కూర్చుంటుంది, నిండుగా లాగినట్టు తెలిపే క్లిక్కర్ ఎప్పటిలాగే మోగుతుంది, కానీ సాయంత్రం సాధనలో తొలి ఆరు బాణాలూ నిన్న పడిన చోట పడవు. విలుకాడు మొదట గాలిని అనుమానిస్తాడు, తరువాత తన చేతిని అనుమానిస్తాడు, ఆపైన గురి చూసే సైటు తిప్పుతాడు. రెస్ట్ వైపు చూపు మళ్లేది ఇవన్నీ అయిపోయాకే. అల్లెతాడు వదిలిన తరువాత బాణాన్ని తాకి దాని దారిని మార్చగలిగిన భాగాలు వింటి మీద చాలా తక్కువ. వెనక అల్లెతాడు, ముందు రెస్ట్, కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లయితే రెస్ట్ పక్కన బాణం ఆనే స్ప్రింగ్ బటన్, ప్లంజర్. అయినా విల్లు కొనేటప్పుడు లింబులకూ (వింటి బద్దలకూ) ఊగకుండా ఆపే స్టెబిలైజర్లకూ సైటుకూ దొరికే శ్రద్ధ ఈ చిన్న ముక్కకు దొరకదు.

ఆ వెంట్రుకవాసి ఎంత నష్టం చేయగలదో లెక్క వేయడం కష్టం కాదు. నిండుగా లాగినప్పుడు నాక్ (బాణం వెనక తాడుకు తగిలించే గాడి) నుంచి రెస్ట్ దాకా సుమారు 70 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, రికర్వ్ పోటీల్లో లక్ష్యం 70 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, ఆ దూరం దీనికి వంద రెట్లు. రెస్ట్ దగ్గర 1 మిల్లీమీటరు తేడా వస్తే, కేవలం రేఖాగణితం ప్రకారం చూసినా, లక్ష్యం దగ్గర అది 10 సెంటీమీటర్లవుతుంది. 122 సెంటీమీటర్ల లక్ష్యపటం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే, అంటే కేంద్రం నుంచి 6.1 సెంటీమీటర్లే. నడిమధ్యన దిగవలసిన బాణం తొమ్మిదిలో దిగుతుంది. కొసలకు చక్రాలూ కేబుళ్లూ ఉండే కాంపౌండ్ వింటికి దూరం 50 మీటర్లకు తగ్గినా, 80 సెంటీమీటర్ల పటం మీద పది వలయం 8 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది కాబట్టి అక్కడా ఊరట లేదు. అల్లెతాడు తోసే దిశ, బాణం వంగే తీరు ఈ లెక్కను కొంత అటూ ఇటూ చేస్తాయి. అంకెలు చూసి భయపడి, వెంట్రుకలో సగం మేర తిప్పుకోగల మరలున్న ఖరీదైన రెస్ట్ కోసం పరుగెత్తవలసిన పని మాత్రం లేదు. రెస్ట్ ఒక మిల్లీమీటరు తప్పు చోట ఉన్నా, ప్రతి బాణానికీ అదే చోట ఉంటే ఆ తప్పును సైటు సరిదిద్దుతుంది. ఒక బాణానికి ఒకలాగా, మరో బాణానికి ఇంకోలాగా ఉన్నప్పుడు ఏ సైటుకూ అది సాధ్యం కాదు. కనుక ఏ రెస్ట్‌ను చేతిలోకి తీసుకున్నా మొదట అడగవలసింది ఒక్కటే: ఇది బాణాన్ని ప్రతిసారీ ఒకే చోట మోసి, ప్రతిసారీ ఒకే తీరులో విడిచిపెడుతుందా?

శ్రీకాళహస్తి పరిసరాల్లో పెరిగినవారికి తిన్నడి కథ చెప్పనక్కర లేదు. అడవిలో వేటాడే ఆ బోయవాడి వింటికి విడిగా రెస్ట్ ఏదీ ఉండి ఉండదు, వేలి కణుపే బాణానికి ఆనిక. వెదురు విల్లుతో చేతి మీదుగా బాణం వేసేవారికి ఆ అనుభవం ఈనాటికీ కొత్త కాదు. బాణం పిడికిలి మీదుగా దూసుకుపోతుంది, ఈకలు వేలిని రాసుకుంటూ వెళ్తాయి. పక్షి ఈకలు ఒత్తిడి తగిలితే మడుచుకుని మళ్లీ నిటారుగా లేస్తాయి కాబట్టి ఆ పద్ధతి చెల్లింది. నేటి పోటీ బాణాలకు అతికించే ప్లాస్టిక్ వేన్లకు ఆ మెత్తదనం లేదు. అవి దేనికైనా తగిలితే బాణం తోక పక్కకు తన్నుతుంది, ఆ తన్నులో ఏ రెండు బాణాలకూ పోలిక ఉండదు. మోయడంతో పాటు సమయానికి దారిలోంచి తప్పుకోవడం కూడా రెస్ట్ పనిలో భాగమైంది అందుకే.

ఏ రెస్ట్ కావాలన్నది అల్లెతాడును దేనితో వదులుతారన్న దాని మీద ఆధారపడుతుంది. రికర్వ్ విలుకాడు మూడు వేళ్లతో తాడు పట్టుకుంటాడు. వేళ్లు తెరుచుకున్నప్పుడు తాడు సూటిగా ముందుకు పోదు. వేళ్ల కొసలను చుట్టుకుని కాస్త పక్కకు జరిగి, అక్కడి నుంచి ముందుకు వెళ్తుంది. ఆ పక్క తోపుకు బాణం అడ్డంగా వంగుతుంది, నడుము భాగం మొదట ప్లంజర్ వైపు ఒత్తుకుని, తరువాత దానికి ఎదురు దిశలో వంగి, చేపలా ఊగుతూ రైజర్‌ను దాటిపోతుంది. దీన్నే ఆర్చర్స్ పారడాక్స్ అంటారు. తాడు బాణాన్ని తోసే కాలమంతా కలిపినా సెకనులో వందో వంతు కన్నా కొంచెం ఎక్కువ, అందులోనూ బాణం ప్లంజర్‌ను, రెస్ట్‌ను గట్టిగా తాకి ఉండేది మొదటి భాగంలోనే. కాంపౌండ్ విలుకాడు రిలీజ్ అనే మీట సాయంతో తాడు వదులుతాడు కాబట్టి పక్క తోపు చాలా తక్కువ, బాణం ప్రధానంగా పైకీ కిందికీ వంగుతుంది. రికర్వ్ బాణానికి పక్కన ఒక మెత్తని గోడ కావాలి, కాంపౌండ్ బాణానికి కింద ఒక మెత్తని నేల కావాలి. ఈ తేడా మనసుకు పట్టినవారికి దుకాణంలో ఉన్న రకాలలో చాలావాటిని చూడగానే పక్కన పెట్టేయవచ్చు.

రికర్వ్ సంగతి ముందు చూద్దాం. ఇక్కడ పక్క గోడ ప్లంజర్, రెస్ట్ కేవలం చిన్న చేయి. ఆ చేయి ప్లాస్టిక్‌తో అచ్చు పోసినదైనా కావచ్చు, సన్నని తీగ కావచ్చు. ప్లాస్టిక్ రెస్ట్‌లలో హోయ్ట్ కంపెనీవారి సూపర్ రెస్ట్ అందరికీ తెలిసినది. ధర చాలా తక్కువ, అతికిస్తే పని అయిపోతుంది, పెద్ద స్థాయి విలుకాళ్లు సైతం దాన్ని వాడిన సందర్భాలు ఉన్నాయి. తీగ రెస్ట్‌లలో ఎక్కువగా కనిపించేది అయస్కాంతం రకం: చేయిని ఒక చిన్న అయస్కాంతం బయటికి తెరిచి పట్టుకుంటుంది, పోతున్న బాణం గాని వేన్ గాని దాన్ని తాకితే లోపలికి మడుచుకుంటుంది, మళ్లీ తనంతట తాను తెరుచుకుంటుంది. జపాన్ కంపెనీ షిబుయా చేసే అల్టిమా ఈ తరహాది. ఇవి కాక, టేపుకు బదులు ఒక లోహపు పట్టీతో రైజర్‌ను చుట్టి ప్లంజర్‌తో బిగించుకునే రకం ఉంది. మూడింటిలో ఏది మంచిదన్న చర్చ కొత్తగా నేర్చుకునేవారి మధ్య సాగినంతగా అనుభవజ్ఞుల మధ్య సాగదు, ఎందుకంటే రికర్వ్‌లో రెస్ట్‌కు పెట్టే అదనపు డబ్బు వల్ల కలిగే లాభం కొద్దిపాటిది. అదే డబ్బు మంచి ప్లంజర్‌కు పెడితే లక్ష్యపటం మీద కనబడుతుంది. ఇది మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట, ఎందుకంటే తిరుపతిలో గాని చిత్తూరులో గాని పిల్లలకు విలువిద్య నేర్పిస్తున్న తల్లిదండ్రులు ప్రతి రూపాయినీ లెక్క చూసుకుని ఖర్చు పెట్టేవారే.

రకం ఏదైనా, అమర్చే తీరులోనే అసలు శ్రద్ధ ఉండాలి. ప్లంజర్ బటన్ మధ్యభాగం బాణం మధ్యభాగాన్ని తాకేలా చేయి ఎత్తు ఉండాలి. సన్నని కార్బన్ బాణానికి సరిపోయిన ఎత్తు, ఇంటి లోపలి పోటీలకు వాడే లావు అల్యూమినియం బాణానికి సరిపోదు. బాణం బటన్ పై అంచునో కింది అంచునో తాకితే, ప్లంజర్ ఎంత ఖరీదైనదైనా దాని స్ప్రింగ్ సరిగా పనిచేయదు. తీగ చేయి మరీ పొడవుగా ఉంటే కింది వేన్‌కు అడ్డు తగులుతుంది. పై నుంచి చూసినప్పుడు తీగ కొస బాణం వెలుపలి అంచును దాటి బయటికి పొడుచుకు రాకుండా కత్తిరించడం ఆనవాయితీ. మరీ పొట్టిగా కత్తిరిస్తే బాణం నిలవదు కాబట్టి, ఒకేసారి కోసేయకుండా కొద్దికొద్దిగా కోసి చూసుకోవాలి. కోసిన కొసను సన్నని ఉప్పుకాగితంతో నునుపు చేయకపోతే అది బాణం మీద గీతలు పెడుతుంది.

కొత్తవారికి ఎదురయ్యే మరో ఇబ్బంది, లాగుతుండగానే బాణం రెస్ట్ మీంచి పక్కకు తొలగి పడిపోవడం. దాన్ని చూసి పెద్ద కొక్కెంలాంటి చేయి ఉన్న రెస్ట్ కోసం వెతకడం సహజమే గాని, అది మందు తప్పిన వైద్యం. వేళ్లతో నాక్‌ను నొక్కి పట్టుకున్నప్పుడు, లేదా తాడు మీద వేళ్లు మెలి తిరిగినప్పుడు బాణం ముందుభాగం రెస్ట్‌కు దూరంగా తిరుగుతుంది. వేళ్ల మధ్య ఎడం ఉండేలా ట్యాబ్ (వేళ్లకు తొడిగే రక్షణ ముక్క) సరిచేస్తే వారం రోజుల్లో ఆ సమస్య కనబడకుండా పోతుంది. పోటీలో జారిపడిన బాణం షూటింగ్ లైనుకూ దానికి 3 మీటర్ల ముందున్న గీతకూ మధ్య ఉంటే దాన్ని వేసిన బాణంగా లెక్కించరు, మరో బాణం వేసుకోవచ్చు. పాయింట్లు పోవు, కాని గడియారం ఆగదు. ఆ తొందరలో వేసిన తరువాతి బాణం సాధారణంగా మంచి చోట పడదు.

ప్లంజర్ గురించి కొంత చెప్పకుండా రికర్వ్ రెస్ట్ గురించి మాట్లాడటం అసంపూర్ణం. లోపల స్ప్రింగ్, కొసన బటన్ ఉన్న ఈ గొట్టానికి అమెరికా విలుకాడు విక్ బర్గర్ పేరు మీద బర్గర్ బటన్ అన్న పాత పేరు కూడా ఉంది. బాణం పక్కకు ఒత్తినప్పుడు బటన్ ఎంత లోపలికి పోతుందో స్ప్రింగ్ బిగువు నిర్ణయిస్తుంది. మంచి ప్లంజర్‌లో ఆ బిగువును అంకెల ప్రకారం మార్చుకోవచ్చు, మార్చిన దాన్ని తిరిగి యథాస్థానానికి తేవచ్చు. జర్మనీలో తయారయ్యే బైటర్ ప్లంజర్‌కు పేరు వచ్చింది ఈ గుణం వల్లే. బటన్ కొస కార్బన్ బాణాల రాపిడికి అరిగి గాడి పడుతుందని, అప్పుడు బాణం ఆ గాడిలో కూర్చుని తన ఇష్టం వచ్చిన ఎత్తును ఎంచుకుంటుందని చాలామంది గమనించరు. గోరుతో తడిమితే ఆ గాడి తెలుస్తుంది, తెలిసిన రోజునే కొస మార్చాలి.

ఈ ప్రాంతపు విలుకాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన జాగ్రత్త ఇక్కడే ఒకటి ఉంది. రైజర్‌లో ప్లంజర్ పట్టే రంధ్రం మర అంగుళాల లెక్కలో చేసినది: అంగుళంలో 16వ వంతులు ఐదు వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. కాంపౌండ్ రెస్ట్‌ను బిగించే బోల్టు కూడా అదే కొలత. అది పోయినప్పుడు ఊళ్లోని హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్తే చేతికి వచ్చేది 8 మిల్లీమీటర్ల బోల్టు. రెండింటి లావూ కంటికి ఒకేలా ఉంటుంది, ఎందుకంటే అంగుళం లెక్క 7.94 మిల్లీమీటర్లవుతుంది. మర చుట్ల మధ్య దూరం మాత్రం వేరు, మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టుకు 1.25 మిల్లీమీటర్లు, విల్లు బోల్టుకు 1.06 మిల్లీమీటర్లు. మొదటి రెండు చుట్లు పట్టినట్టే పట్టి తరువాత బిగుసుకుంటుంది, అక్కడ పానాతో బలం పెడితే ఉక్కు బోల్టుకు ఏమీ కాదు, అల్యూమినియం రైజర్ మర చితికిపోతుంది. కొన్ని రూపాయల బోల్టు కోసం వేల రూపాయల రైజర్ పాడవుతుంది. రెస్ట్ కొన్న రోజే అదే కొలత బోల్టులు రెండు అదనంగా తెప్పించి పెట్టెలో పడేసుకోవడం ఎంతో మేలు.

కాంపౌండ్ విభాగం వైపు వస్తే, తెలుగు నేల మీద దానికి పెరిగిన ఆదరణ కళ్లకు కడుతుంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వ్యక్తిగత, జట్టు, మిశ్రమ జట్టు విభాగాలు మూడింటిలోనూ స్వర్ణాలు గెలిచిన తరువాత కాంపౌండ్ పట్టిన పిల్లలు ఎందరో. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చడంతో ఆ ఆసక్తి ఇంకా పెరిగింది. అదే విజయవాడ నుంచి వచ్చిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి రికర్వ్ మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. ఇలాంటివారి ఫొటోలను పెద్దవి చేసి చూసి, వారి వింటి మీద ఏ రెస్ట్ ఉందో గుర్తించి అదే కొనాలనుకోవడం అభిమానం వల్ల కలిగే కోరిక. కాని వారి వింటి బరువు వేరు, బాణం వేరు, అన్నిటికన్నా ముఖ్యంగా వారి వెంట పెట్టెలో ఉండే రెండో విల్లు వేరు.

పోటీ కాంపౌండ్ రెస్ట్‌లలో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది బ్లేడు. కొస దగ్గర చీలి పాము నాలుకలా ఉండే సన్నని స్ప్రింగు ఉక్కు రేకు ముందుకూ పైకీ వాలి ఉంటుంది, బాణం ఆ చీలికలో కూర్చుంటుంది. బాణం కిందికి వంగినప్పుడు రేకు కూడా కొద్దిగా వంగి ఆ ఒత్తిడిని తీసుకుంటుంది. రేకు మందం వేల వంతు అంగుళాల్లో చెబుతారు: 8, 10, 12 అన్నవి ఎక్కువగా దొరికే కొలతలు, అంటే సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. తేలిక బాణాలతో, తక్కువ పౌండేజీతో (వింటిని లాగడానికి కావలసిన బలంతో) ఆడే పిల్లలకు పలుచని రేకు, బరువు బాణాలకు మందపు రేకు సరిపోతుంది. రేకు వాలు 30 డిగ్రీల ప్రాంతంలో పెట్టి మొదలుపెట్టడం మామూలు. వాలును నిటారు చేసే కొద్దీ అదే రేకు బిరుసుగా ప్రవర్తిస్తుంది. బాణాన్ని మెల్లగా రేకు మీద ఉంచినప్పుడు అది కనీకనబడనంతగా కుంగి నిలవాలి. ఏమాత్రం కుంగకపోతే బాణాన్ని ఎగరేస్తుంది, మరీ కుంగితే లాగేటప్పుడే బాణం ఊగులాడుతుంది. వేన్లలో ఒకటి పైకి, రెండు కిందికి వచ్చేలా నాక్ తిప్పుకుంటే కింది రెండు వేన్లూ రేకుకు రెండు పక్కలా దాటిపోతాయి. సన్నని బాణాలు వాడేవారికి రేకు వెడల్పు కూడా సన్నగా ఉండాలన్నది ఇందుకే.

రెండోది బాణం కదలగానే కిందికి పడిపోయే రెస్ట్, డ్రాప్ అవే. ఇందులోనూ కేబుల్‌తో నడిచేది, లింబుతో నడిచేది అని రెండు మార్గాలు. మొదటి దానిలో విల్లు లాగుతున్నప్పుడు కిందికి దిగే కేబుల్‌కు కట్టిన తాడు బాణాన్ని మోసే లాంచర్‌ను పైకి లేపుతుంది, వదిలాక కేబుల్ వెనక్కి పోగానే స్ప్రింగ్ దాన్ని పడగొడుతుంది. రెండో దానిలో తాడు లింబుకు కట్టి ఉంటుంది. విల్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆ తాడే లాంచర్‌ను కిందికి పట్టి ఉంచుతుంది, లాగడం మొదలవగానే లింబు వంగి తాడు సడలుతుంది, స్ప్రింగ్ లాంచర్‌ను పైకి లేపుతుంది. బాణం వదిలాక లింబు తన చోటికి చేరుకునే చివరి క్షణంలో తాడు బిగిసి లాంచర్‌ను గుంజేస్తుంది. లింబు రకం బాణాన్ని ఎక్కువ దూరం మోస్తుంది, కేబుల్ రకం సాధారణంగా ముందే తప్పుకుంటుంది. ఏదైనా వేన్లు వచ్చేసరికి దారిలో ఉండకూడదు, అంతకు మరీ ముందే పడిపోయి బాణాన్ని గాలిలో వదిలేయకూడదు. పడిన లాంచర్ దిగువ దిమ్మెకు తగిలి బంతిలా మళ్లీ పైకి లేచి వేన్‌ను తన్నడం కూడా జరుగుతుంది. కంటితో చూడలేని ఈ సంగతిని స్లోమోషన్‌లో వీడియో తీసే ఫోను ఒకటి చేతిలో ఉంటే ఈ రోజుల్లో ఎవరైనా పట్టుకోగలరు.

రెండింటిలో ఏది? వేన్లకు అడ్డులేని దారి ఇవ్వడంలో డ్రాప్ అవేదే పైచేయి. బాణం జారిపడకుండా కాపాడే గుణం కూడా దాని రెండు కొమ్ముల లాంచర్‌కు ఎక్కువ. ఎదురుగాలి వీచినప్పుడు, లాగిన విల్లును వదలకుండా దించవలసి వచ్చినప్పుడు బ్లేడు మీది బాణం పక్కకు దొర్లడం కాంపౌండ్ ఆడేవారందరికీ తెలిసిన బాధే. అయినా ఒకే విల్లు ఉన్నవారు, మరమ్మతు తెలిసిన మనిషి దగ్గరలో లేనివారు బ్లేడుతోనే మొదలుపెట్టడం మంచిదనడానికి బలమైన కారణం ఉంది. బ్లేడు చెడితే ఆ చెడు కంటికి కనబడుతుంది: వంగిపోయింది, పగుళ్లు వచ్చింది, కొస అరిగింది. రేకు మార్చి, ఎత్తు కొలిచి, అరగంటలో తిరిగి లైను మీదికి రావచ్చు. డ్రాప్ అవే చెడితే ఆ చెడు కాలంలో దాక్కుంటుంది. తాడు ముడి మిల్లీమీటరు జారినా, కేబుల్ సాగినా లాంచర్ అదే చోటికి లేస్తుంది, అలాగే పడుతుంది, కాకపోతే కొన్ని వేల వంతుల సెకను అటూ ఇటూ. బాణాలు పైకీ కిందికీ చెదరడం తప్ప దాని ఆనవాలు వేరే ఏదీ ఉండదు. ఏడాది రెండేళ్లు పోటీలు ఆడి, తన బాణాల గుంపు ఎలా ఉంటుందో తెలిసిన విలుకాడు ఆ చెదురును గుర్తుపడతాడు. కొత్తవాడు తన విడుపునే నిందించుకుంటూ నెలలు గడుపుతాడు, అది చూసే గురువుకూ కష్టమే.

రెస్ట్‌ను ముందుకూ వెనక్కూ ఎక్కడ పెట్టాలన్నది కాంపౌండ్‌లో మరింత లోతైన విషయం. పట్టు పట్టిన చెయ్యి వింటిని కాస్త మెలిపెడితే రెస్ట్ కూడా ఆ మెలికతో పాటు పక్కకు తిరుగుతుంది. రెస్ట్ పట్టుకు ఎంత దూరంగా ముందుకు ఉంటే అంత ఎక్కువగా తిరుగుతుంది. వెనక్కి, మణికట్టు వైపు జరిపితే ఆ ప్రభావం తగ్గుతుంది. కావాలని వింటిని ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొద్దిగా మెలిపెట్టి బాణాలు వేసి, రెండూ ఒకే చోట పడేదాకా రెస్ట్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పోవడం అనుభవజ్ఞులు చేసే పని. ఇష్టం వచ్చినంత వెనక్కి జరపడానికి నియమాలు ఒప్పుకోవు. ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల ప్రకారం ఒత్తిడి బిందువు (బాణం పక్కగా ఆనే చోటు) పట్టు లోతైన చోటు నుంచి కాంపౌండ్‌లో 6 సెంటీమీటర్లకు, రికర్వ్‌లో 4 సెంటీమీటర్లకు మించి వెనక్కి ఉండకూడదు. విద్యుత్తుతోనో ఎలక్ట్రానిక్ పరికరంతోనో పనిచేసే రెస్ట్‌కు చోటు లేదు, గురి పెట్టడానికి అదనపు సాయం చేసే రెస్ట్‌కూ లేదు. పాత వింటిని ఎవరి దగ్గరైనా కొన్నవారు పరికరాల తనిఖీకి వెళ్లే ముందు స్కేలుతో ఒకసారి కొలుచుకోవాలి.

సైటు లేని వింటితో బేర్‌బో ఆడేవారికి ఒక్క మాట చాలు: దూరాన్ని బట్టి తాడు మీద వేళ్లను కిందికి జరిపి పట్టుకునే పద్ధతిలో బాణం రెస్ట్‌ను మామూలు కన్నా గట్టిగా కిందికి నొక్కుతుంది, అయస్కాంతం రకం సన్నని తీగ ఆ బరువుకు లొంగిపోతుంది. బిరుసైన చేయి ఉన్నది కావాలి.

ఇక వాతావరణం. పెద్ద కంపెనీల పుస్తకాల్లో ఉండే సూచనలు తిరుపతి ఎండను మనసులో పెట్టుకుని రాసినవి కావు. వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ మామూలే, మూసి ఉన్న కారులో అంతకన్నా చాలా ఎక్కువ. డబుల్ టేపు జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది. పాత రెస్ట్ ఊడదీసిన చోట మిగిలిన జిగురును స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, ఆరాక, చేతి చెమట తగలకుండా కొత్త దాన్ని అతికించి, ఒక రోజంతా విల్లును ముట్టకుండా ఉంచితే ఆ పట్టు నిలుస్తుంది. మైదానంలో చెట్టు కింద నిలబడి హడావుడిగా అతికించినది నిలవదు. పలమనేరు, కుప్పం వైపు మెరకనేల మీద చల్లగా ఉండే చోట సాధన చేసి, మొగిలి ఘాటు దిగి చిత్తూరు మీదుగా తిరుపతికి పోటీకి వచ్చే విలుకాడికి ఈ తేడా ఒక్క రోజులోనే ఎదురవుతుంది. అటువంటివారికి ప్లంజర్‌తో బిగించుకునే చుట్టుపట్టీ రెస్ట్ నిజంగా ఉపయోగకరం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇబ్బంది వేరే రూపంలో వస్తుంది. బ్లేడు ఉక్కు రేకుకు తుప్పు మచ్చ పడిందంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, లాంచర్ మీద అతికించే మెత్తని ఫెల్టు గుడ్డ వాన నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. వాన తగిలిన సాయంత్రం రెస్ట్‌ను పొడిగుడ్డతో తుడిచి, రేకు మీద ఒక్క చుక్క నూనె రాసి, ఆ నూనెను కూడా తుడిచేయాలి. ఎర్రమట్టి మైదానాల్లో ఎండాకాలపు గాలికి లేచే సన్నని దుమ్ము డ్రాప్ అవే ఇరుసులో చేరితే లాంచర్ పడే వేగం మారుతుంది కాబట్టి దానికి నూనె కాక పొడి బ్రష్షు మేలు.

కొన్న రెస్ట్ మంచిదా కాదా అన్నది తేల్చడానికి ఇంట్లో ఉండే పౌడరు డబ్బా చాలు. బాణం వెనక భాగం, వేన్లు, రెస్ట్ చుట్టూ పౌడరు చల్లి, దగ్గర నుంచి మెత్తని దిమ్మెలోకి ఒక బాణం వేసి చూస్తే, వేన్ ఎక్కడ రాసుకుందో అక్కడ పౌడరు చెరిగిపోయి ఉంటుంది. అలా రాసుకుంటున్నంత కాలం మిగతా పరీక్షలేవీ నిజం చెప్పవు. ఈ మాటను నొక్కి చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే చాలామంది నేరుగా బేర్ షాఫ్ట్ పరీక్షకు పోతారు. వేన్లు లేని బాణం, వేన్లున్న బాణాల గుంపుకు ఎడమగా పడితే కుడిచేతి వాటం రికర్వ్ విలుకాడికి బాణం బిరుసుగా ప్రవర్తిస్తోందని, ప్లంజర్ స్ప్రింగ్ వదులు చేయాలని అర్థం. కుడిగా పడితే బిగించాలి. గుంపుకు కింద పడితే నాకింగ్ పాయింట్ (తాడు మీద నాక్ తగిలించే చోటు) ఎక్కువ ఎత్తులో ఉందని, పైన పడితే తక్కువలో ఉందని అర్థం. కాని వేన్లున్న బాణాలు రెస్ట్‌ను తాకుతూ పక్కకు తన్నుకుంటుంటే, ఆ గుంపే తప్పు చోట ఉంటుంది, దానితో పోల్చి ప్లంజర్‌ను ఎంత తిప్పినా లాభం లేదు. పౌడరు పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. అది చేయకుండా వారాల తరబడి ప్లంజర్ తిప్పుకుంటూ పోయినవారు కొల్లలు.

ఆర్డరు పెట్టేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు కుడి ఎడమలది. కుడిచేతి వాటం విల్లంటే కుడిచేత్తో తాడు లాగేది, వింటిని పట్టుకునేది ఎడమ చెయ్యి. వింటిని ఎడమచేత్తో పట్టుకుంటున్నాం కదా అని ఎడమచేతి రెస్ట్ తెప్పించుకుంటే చేయి తప్పు దిశకు తిరిగి ఉంటుంది. గాంధీ రోడ్డులో క్రికెట్ బ్యాటు మార్చుకున్నంత సులువుగా దాన్ని మార్చుకోవడం కుదరదు, పార్సిలు వెనక్కి పోయి కొత్తది వచ్చేసరికి సెలక్షన్స్ అయిపోతాయి. అదే కారణాన ఒకటి కొనాలనుకున్న చోట చవకవి రెండు కొనడం, ఖరీదైనది ఒకటి కొనడం కన్నా తెలివైన పని. ఎలిమినేషన్ మ్యాచ్‌లో పరికరం విరిగితే బాగుచేసుకోవడానికి అదనపు సమయం ఇవ్వరు. వంతులవారీగా వేసే మ్యాచ్‌లో ఒక్కో బాణానికి ఉండేది 20 సెకన్లే. రెండో రెస్ట్ పెట్టెలో ఉన్నా, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అది ఆ రోజుకు అక్కరకు రాదు.

అందుకని సరిపెట్టుకున్న రోజే కొలతలు రాసి పెట్టుకోవాలి. రైజర్ లోపలి గోడ నుంచి బాణం మధ్యకు ఎంత, ప్లంజర్ ఎన్ని చుట్లు లోపలికి ఉంది, బ్లేడు అయితే దాని మందం ఎంత, వాలు ఎంత అన్నవి వెర్నియర్‌తో కొలిచి స్కోరు పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోవచ్చు. రెస్ట్ అంచు చుట్టూ రైజర్ మీద సన్నని పెన్సిల్ గీత ఒకటి గీసి పెట్టుకుంటే, ఘాటు దిగి వచ్చిన విలుకాడు మైదానంలో విల్లు పెట్టె తెరిచిన వెంటనే ఆ గీతను చూసుకుంటాడు. గీతకూ రెస్ట్ అంచుకూ మధ్య ఖాళీ కనబడితే మొదటి సాధన బాణం వేయకముందే స్పిరిట్, కొత్త టేపు బయటికి వస్తాయి.